మా మామ రాయని వాక్యం

మా హరికృష్ణన్ మామను సర్కారు పనికిరాడని ఇంటికి పంపింది. ఇన్నేళ్ళయినా ఈ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆయనకు మాత్రం నవ్వొస్తుంది. ఒకే విషయానికి ఒకరు మండిపడటం, ఇంకొకరు నవ్వడం మా ఇంట్లో మామూలే. ఆయన్ని చెప్పమంటే ముందు అందరికీ టీ తెప్పిస్తాడు, ఆ తర్వాత అసలు సంగతి మరిచిపోతాడు. అందుకని నా కోపంతోనే నేను చెబుతాను.

మామ మా అమ్మకు తమ్ముడు. మాది కోవిల్‌పట్టి. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే తమిళం. మా తాతకు ఊరి బయట కొంచెం నల్లరేగడి ఉండేది. వాన పడితే పత్తి వేసేవాడు, పడకపోతే అరుగు మీద కూర్చుని ఆకాశాన్ని తిట్టేవాడు. మామకు ఆకాశంతో తగాదా ఇష్టం లేక చదువుకున్నాడు. పరీక్ష రాసి విరుదునగర్‌లో ఒక జిల్లా ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. ఏ శాఖో చెప్పను. ఆ శాఖవాళ్ళు ఇప్పటికీ మా స్టూడియోకు ఫోటోలు దిగడానికి వస్తుంటారు. నాకూ, మా ఆయనకూ ఆ స్టూడియోనే బతుకుతెరువు.

ఉద్యోగం విరుదునగర్‌లో కాబట్టి అక్కడే కాపురం పెట్టమని అందరూ సలహా ఇచ్చారు. కానీ వీరమ్మాళ్ అత్త కోవిల్‌పట్టిలో ఒక అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో మేస్త్రీగా ఉండేది. ఆడవాళ్ళ వరస మొత్తం ఆమె చేతికింద నడిచేది. ఆ పెత్తనం వదులుకుని విరుదునగర్‌లో వంట చేసుకుంటూ కూర్చోనని కచ్చితంగా చెప్పేసింది. మామ సరేనన్నాడు. రోజూ పొద్దున ప్యాసింజరు బండెక్కి పోవడం, సాయంత్రం తిరిగి రావడం మొదలుపెట్టాడు.

ఆ ప్యాసింజరు సంగతి ఎక్కినవాళ్ళకే తెలుస్తుంది. సాత్తూరులో ఎదురుబండి కోసం ఆగిందంటే ఇంక కదలదు. కిటికీల దగ్గరికి లేత దోసకాయల బుట్టలు వస్తాయి. జనం కొని, తిని, తొక్కలు పారేసి, నిద్రపోయి లేచినా బండి అక్కడే ఉంటుంది. మామ ఆఫీసుకు ఆలస్యంగా చేరిన ప్రతిసారీ చేతి సంచిలో సాత్తూరు దోసకాయలు ఉండేవి. వాటిని పెద్ద ఆఫీసరుతో సహా అందరికీ పంచేవాడు. ఆలస్యంగా వచ్చినవాడు చప్పుడు చేయకుండా పోయి సీట్లో కూర్చోవాలన్న తెలివి కూడా లేని మనిషి.

ఆఫీసులో ఆయనకు జీతమిచ్చే పని ఒకటి, అందరూ అంటగట్టిన పని ఇంకొకటి. ఎవరు రిటైరైనా వీడ్కోలు సభ ఏర్పాట్లన్నీ మామే చూసేవాడు. దండ, శాలువా, కారాబూందీ పొట్లాలు, గ్రూప్ ఫోటో, చివర్న పెద్ద ఆఫీసరు చదవాల్సిన ప్రసంగం. ఆఫీసర్లు వచ్చేవాళ్ళు, బదిలీ మీద పోయేవాళ్ళు. కానీ ప్రతి ఆఫీసరూ అదే మాట అనేవాడు: "హరికృష్ణన్, ఏదో నాలుగు ముక్కలు రాసివ్వు." మామ రాసిచ్చేవాడు. ఆఫీసరు తన మాటలే అన్నట్టు చదివేవాడు.

ఆ ప్రసంగాల విషయంలో మామకు ఒక పట్టింపు ఉండేది. అబద్ధం రాయకూడదు. ఎంత పనికిమాలిన మనిషిలోనైనా నిజంగా ఉన్న ఒక గుణాన్ని వెతికి పట్టుకోవాలి. సీట్లో నిద్రపోతూ సర్వీసంతా గడిపిన ఒక గుమాస్తా గురించి, "ఈయన వల్ల ఈ ఆఫీసులో ఎవరికీ ఎప్పుడూ తొందర కలగలేదు" అని రాశాడు. కనిపించినవాళ్ళందరి మీదా అరిచే ఒక సూపరింటెండెంటు గురించి, "ఈయన మనసులో ఏదీ దాచుకోలేదు" అని రాశాడు. ఆ మాట విని సూపరింటెండెంటు భార్య కళ్ళు తుడుచుకుందట. అది ఎంత నిజమో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

తొంభై ఎనిమిదిలో మామకు యాభై నిండాయి. అప్పుడు తెలిసింది మాకు, సర్కారులో అలాంటి రూలు ఒకటుందని. యాభై నిండినవాళ్ళ సర్వీసును ఒకసారి తిరగేసి చూస్తారు. ఇక వీళ్ళవల్ల ఉపయోగం లేదనుకున్నవాళ్ళకు మూడు నెలల నోటీసిచ్చి, పెన్షనిచ్చి, ప్రజల మేలు కోసం అని చెప్పి పంపేస్తారు. చెట్టు బాగుండాలంటే ఎండుకొమ్మలు నరకాలి గదా అంటారు. ఆ ఏడాది పైనుంచి ప్రతి ఆఫీసునూ పేర్లు అడిగారు. అప్పుడు మామ పైన ఉన్న ఆఫీసరు పాలసామి. ఆయన మామ పేరు పంపాడు. తరచూ ఆలస్యంగా వస్తాడు, పనిలో చురుకు లేదు అని కారణం రాశాడు.

అసలు కారణం చాలా రోజుల తర్వాత సుడలైమణి చెప్పాడు. సుడలైమణి మామ పక్క సీటు గుమాస్తా. ఎవరి పేరు రాయాలన్నా పాలసామికి భయమేనట. ఒకడు యూనియన్‌ను వెంటేసుకొస్తాడు, ఇంకొకడు ఎమ్మెల్యే ఇంటికి పరిగెత్తుతాడు, ఒకామె గదిలోకి వచ్చి ఏడుస్తూ కూర్చుంటుంది. హరికృష్ణన్ అయితే నవ్వుతూ పోతాడులే అన్నాడట. అది విన్నప్పుడు నా చేతిలో ఎవరిదో నిశ్చితార్థం క్యాసెట్ ఉంది. గోడకేసి కొట్టాను. పెళ్ళికొడుకువాళ్ళకు ఏం సమాధానం చెప్పాలో మా ఆయన తేల్చుకున్నాడు.

నోటీసు అందినరోజు మామ నవ్విన మాట నిజమే. ఇంటికొచ్చి అత్తకు చెప్పేటప్పుడు కూడా నవ్వుతూనే మొదలుపెట్టాడు. సగంలో ఆగిపోయాడు. అప్పుడు అడిగాడు.

"నిజంగానే నేను దేనికీ పనికి రాకుండా పోతినా, వీరమ్మా?"

ఆయన్ని కోసింది ఆ ఒక్క ప్రశ్నే. బతకడానికి లోటు లేదు. పెన్షన్ వస్తుంది, అత్త సంపాదన ఉంది, ఖర్చు పెట్టడానికి పిల్లలు కూడా లేరు. కానీ ఇరవై ఏళ్ళు పైబడి అందరి మంచినీ వెతికి రాసిన మనిషికి, తనలో మంచి ఏదీ లేదని సర్కారు కాగితం వచ్చింది. దానికి ఎవరైనా ఒక జవాబు చెప్పాలి. అత్త వెంటనే, ఎందుకు పనికిరావు, బాగా పనికొస్తావు అంది. పెండ్లాము చెప్పేది లెక్కలోకి రాదని మామ అన్నాడు. ఆ పూట అత్త ఆయనకు అన్నం పెట్టలేదు.

అయితే అత్తకూ ఒక కష్టం ఉంది. పుట్టింటివాళ్ళకు ఈ సంగతి ఎలా చెప్పడం? ఆమె అన్న ముత్తుసామి, నాకు వరసకు పెదనాన్న, ఒట్టపిడారం దగ్గర పల్లెలో సేద్యం చేస్తాడు. చెల్లెలి మొగుడు సర్కారు ఉద్యోగి అని చెప్పుకుంటూ మీసం తిప్పే మనిషి. అత్త ఆయనకు ఫోన్ చేసి, మామకు రిటైర్ ఆర్డరు వచ్చిందని, ఫలానా రోజు ఆఖరని చెప్పింది. మిగతాది నోటిదాకా వచ్చినా మింగేసింది. అక్కడే జరిగింది తప్పు.

ఎందుకంటే ఆ పల్లెలో ఒక ఆచారం ఉంది. ఇంటి అల్లుడు సర్కారు కొలువు ముగిస్తే, భార్య పుట్టింటివాళ్ళు సారె పళ్ళాలు పట్టుకుని, ఉరుమి డోళ్ళ మేళంతో, ఆయన కొలువు చేసిన చోటికే పోయి తలపాగా చుట్టి ఇంటికి తీసుకురావాలి. సర్కారు కొలువు చేసే అల్లుళ్ళు ఆ ఊరికి ఏ ఇద్దరు ముగ్గురో. కాబట్టి అలాంటి అవకాశం వస్తే ఊరు ఊరంతా కాచుకుని ఉంటుంది. రిటైర్‌మెంట్‌లో రకాలు ఉంటాయని వాళ్ళకు ఎవరు చెప్పారు? సర్కారు పెన్షన్ ఇచ్చి పంపుతోందంటే గౌరవంగా పంపుతున్నట్టే. అల్లుడు చిన్న వయసులోనే ముగించాడంటే ఇంకా గొప్ప అనుకున్నారు.

ఆఖరిరోజు సాయంత్రం మామ సొరుగులు ఖాళీ చేసుకుంటున్నాడు. ఇలా పంపేసేవాళ్ళకు వీడ్కోలు సభ ఉండదు. సంచి పట్టుకుని మెల్లగా పోవడమే. సరిగ్గా అప్పుడే గేటు బయట ఉరుమి మోగింది. రెండు వ్యాన్ల జనం దిగారు. పళ్ళాల్లో అరటిపళ్ళు, బెల్లం అచ్చులు, కోవిల్‌పట్టి కడలమిఠాయి అనే వేరుశెనగ చిక్కీ, పట్టుపంచె, ఎర్ర తలపాగా. వాళ్ళతోపాటు వీడియో కెమెరా భుజానేసుకుని నేనూ దిగాను. పెదనాన్న పిలిస్తే వచ్చాను. నిజం అప్పటికి నాకూ తెలియదు.

ఆఫీసు ప్యూను కంగారుపడి గేటుకు అడ్డం నిలబడ్డాడు. పెదనాన్న అతనే పెద్ద ఆఫీసరు అనుకుని మెడలో దండ వేసి దండం పెట్టాడు. దండ పడ్డాక ఇంకేం అడ్డుకుంటాడు? పక్కకు తప్పుకున్నాడు. పాలసామి కిటికీలోంచి చూశాడు. ఇంతమంది ముందుకొచ్చి, మీ అల్లుడు పనికిరాడని పంపేస్తున్నాం అని చెప్పే ధైర్యం ఆయనకు లేదు. చెట్టు నీడన కుర్చీలు వేయించాడు. పక్క వీధినుంచి మైకు తెప్పించాడు. ఇంక తను మాట్లాడాలి గదా అని గుర్తొచ్చేసరికి, పాత అలవాటు కొద్దీ నోట్లోంచి ఆ మాట వచ్చేసింది.

"హరికృష్ణన్, ఏదో నాలుగు ముక్కలు రాసివ్వు."

మా మామ ఏం చేయాలి? నేనైతే కాగితం ఆ ముఖాన కొట్టేదాన్ని. ఆయన కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. బయట ఉరుమి మోగుతోంది, జనం ఈలలు వేస్తున్నారు. సుడలైమణి చూస్తూనే ఉన్నాడట. ఊరందరి మంచీ వెతికిన మనిషికి తన గురించి రాయడానికి ఏమీ తోచలేదు. పెన్ను పట్టుకుని నెత్తి గోక్కున్నాడు. చివరికి రాసింది చాలా కొంచెం. ఈయన రోజూ కోవిల్‌పట్టినుంచి వచ్చారు. చాలా రోజులు ఆలస్యంగా వచ్చారు. ఏ రోజూ ముందుగా వెళ్ళలేదు. మనలో రిటైరైనవాళ్ళందరినీ దండ వేసి సాగనంపింది ఈయనే. అడిగిన పని కాదనలేదు.

పాలసామి చదివాడు. మావాళ్ళు ప్రతి వాక్యానికీ చప్పట్లు కొట్టారు. ఆలస్యంగా వచ్చారన్న వాక్యానికి అందరికంటే గట్టిగా కొట్టింది పెదనాన్నే. మైకులో ఏం వినిపించిందో ఏమో. తర్వాత తలపాగా చుట్టారు. మేళంతో స్టేషన్ దాకా నడిపించారు. విరుదునగర్ బజారులో పరోటా కొట్టువాళ్ళు కూడా పని ఆపి చూశారు. మామ దారి పొడుగునా నవ్వుతూనే ఉన్నాడు. ఇంటికొచ్చాక అత్త గదిలోకి పోయి తలుపేసుకుని ఏడ్చింది. అప్పుడుగానీ నాకు అసలు సంగతి తెలియలేదు.

తెలిశాక నేను ఊరుకునే రకం కాదు. ఆ క్రిస్మస్‌కు జెబకుమార్ ఊరికొచ్చాడని విని మామనూ అత్తనూ లాక్కుని పోయాను. జెబకుమార్ కోవిల్‌పట్టివాడే. వాళ్ళమ్మ అత్తతోపాటు అదే ఫ్యాక్టరీలో పెట్టెలు అంటించింది. కొడుకు మద్రాసులో లాయరై, సర్కారు ఉద్యోగుల కేసులు చూస్తున్నాడు. కాగితాలన్నీ చదివి అతను పెదవి విరిచాడు.

"రాజ్యాంగంలో మున్నూట పదకొండో అధికరణం అని ఒగటి ఉండాది అన్నా. సర్కారు ఉద్యోగిని తీసేయాలంటే ఏమి తప్పు చేసినాడో చెప్పాల, వాడు చెప్పుకునేది వినాల. వినకుండా తీసేస్తే చెల్లదు. అయితే నిన్ను తీసేయలేదే. పెన్షన్ ఇచ్చి పంపినారు. అది శిక్ష కాదంట. శిక్ష కాదు గనక నిన్ను ఒగ మాట అడగాల్సిన పని లేదంట."

అత్త ఇదంతా శ్రద్ధగా విన్నది. సుడలైమణి సంగతి ఆమెకు గుర్తొచ్చింది. ఆ సుడలైమణి కొన్నేళ్ళ కిందట లంచం తీసుకుంటూ దొరికిపోయాడు. ఆయనకు నేరం ఏమిటో రాసి ఇచ్చారు, జవాబు అడిగారు, విచారణ పెట్టారు, సాక్షులను ప్రశ్నించుకోమన్నారు. ఆ విచారణ ఇంకా సాగుతూనే ఉంది. ఆయన రోజూ సీట్లో కూర్చుని టీ తాగుతూనే ఉన్నాడు.

"అయితే నువ్వూ ఏదన్నా ఒగటి దొంగిలించి ఉండాల్సింది. నిన్నూ మరియాదగా ఒగ మాట అడిగుందురు," అంది అత్త.

జెబకుమార్ పొట్ట పట్టుకుని నవ్వాడు, కానీ కాదనలేదు. మిగిలింది ఒక్క దారి అని చెప్పాడు. పనికిరాడని అనడానికి ఆఫీసు దగ్గర ఆధారమే లేదని చూపించాలి. మద్రాసు ట్రిబ్యునల్‌లో కేసు వేశాడు. అందులో, నన్ను పనికిరాడన్న ఆఫీసరే ఆఖరిరోజు సభలో నన్ను మెచ్చుకున్నాడు అని ఒక మాట కూడా చేర్చాడు. ఆ ప్రసంగం ఎవరు రాశారో మామ అతనికి చెప్పలేదు. అడగలేదు గనక చెప్పలేదట.

కొన్ని నెలలకు పాలసామి తరఫునుంచి జవాబు వచ్చింది. ఆ ప్రసంగానికి విలువ లేదు, అది దరఖాస్తుదారు తానే రాసుకున్నది, ఈ ఆఫీసులో ఇలాంటి ప్రసంగాలన్నీ ఏళ్ళ తరబడి ఆయనే రాసేవారు అని. మామ చేతిరాతతో ఉన్న కాగితాన్ని కూడా జతచేశారు. జెబకుమార్ ఫోన్‌లో నా మీద అరిచాడు. నేను మామ మీద అరిచాను. మామ, నిజమే గదా, నేనే రాసినాను అన్నాడు. తన రాత తనకే సాక్ష్యంగా పెట్టడం తనకూ సిగ్గుగానే ఉందని కూడా అన్నాడు. ఎవరైనా ఇలాంటివాడి పక్షాన పోరాడగలరా చెప్పండి.

నా కోపం ఎక్కడా తీర్చుకోలేక స్టూడియోలో మామ వీడ్కోలు రోజు క్యాసెట్ పెట్టుకుని చూశాను. మేం పెళ్ళి వీడియోలకు చేసినట్టే దానికీ హంగులు చేసి పెదనాన్నకు కాపీ ఇచ్చాం. పాలసామి తల తామరపువ్వులోంచి పైకి వస్తుంది, మామ చుట్టూ గులాబీలు రాలుతాయి. ఆ హంగులు లేని అసలు క్యాసెట్ తీశాను. పాలసామి చదువుతున్నాడు. పక్కన కుర్చీలో మామ. అప్పుడు గమనించాను, మామ పెదవులు కదులుతున్నాయి. తను రాసింది గదా, ఆఫీసరు ఎక్కడ తడబడతాడో అన్న భయంతో, ప్రతి మాటా ఆయనతోపాటు లోలోపల పలుకుతున్నాడు. నవ్వొచ్చింది నాకు.

ఉన్నట్టుండి ఒకచోట మామ పెదవులు ఆగిపోయాయి. తలెత్తి పాలసామివైపు చూశాడు. పాలసామి కూడా కాగితం చూడటం లేదు. మైకు పట్టుకుని, ఎటో చూస్తూ, ఒక వాక్యం అన్నాడు: "రేపు పొద్దున ఈ సీటు ఖాళీగా ఉంటే, నేను ఎవరిని పిలవాలో నాకు తెలియడం లేదు." తర్వాత మళ్ళీ కాగితంలోకి దిగాడు. మామ పెదవులు మళ్ళీ కదిలాయి.

టేపు వెనక్కి తిప్పి చూశాను. జవాబుతో వచ్చిన కాగితం తీసి చూశాను. ఆ వాక్యం అందులో లేదు. అది మామ రాసింది కాదు. పాలసామి సొంతంగా అన్నది. జెబకుమార్‌కు ఫోన్ చేస్తే ఎగిరి గంతేశాడు. పనికిరాడని రాసిన ఆఫీసరు, కాగితంలో లేని మాట సొంతంగా ఇలా అన్నాడంటే ఇంకేం కావాలి, వెంటనే క్యాసెట్ పంపు అన్నాడు.

మామనూ అత్తనూ స్టూడియోకు పిలిపించి చూపించాను. మామ స్టూలు మీద కూర్చుని ఆ వాక్యం విన్నాడు. ఇంకొకసారి వెయ్యమన్నాడు. వేశాను. ఇంకొకసారి అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు చూసి నేను కూడా ముక్కు తుడుచుకుని, రేపే క్యాసెట్ మద్రాసుకు పంపుతానన్నాను.

"ఇది కోర్టుకు వద్దమ్మా," అన్నాడు మామ.

నేను నమ్మలేదు. అడిగాను, అరిచాను, బతిమాలాను. ఎందుకు వద్దో చెప్పడు. జెబకుమార్ ఫోన్‌లో, అది లేకపోతే కేసు ఓడిపోవచ్చని స్పష్టంగా చెప్పాడు. ఓడితే ఓడిందిలే అన్నాడు మామ. అత్తను సాయానికి పిలిస్తే, ఆమె మొగుడి ముఖం ఒకసారి చూసి టీవీ కట్టేసింది. ఆ తర్వాత ఒక వారం ఆయనతో మాట్లాడలేదు నేను. ఆయన మాత్రం రోజూ స్టూడియోకు కడలమిఠాయి తెచ్చి నా బల్ల మీద పెట్టి పోయేవాడు. కోపంతోనే తిన్నాను.

విచారణకు మద్రాసు పోయాం, మామ, అత్త, నేను. గెలుస్తామన్న ఆశ జెబకుమార్ ముఖంలో లేదు. సర్కారు లాయరు లేచి, ఆ ప్రసంగం దరఖాస్తుదారే రాసుకున్నాడని గట్టిగా చెప్పి, కాగితం పైకి అందించాడు. విచారిస్తున్న పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని ఆ కాగితం చదివారు. మళ్ళీ మొదటినుంచి చదివారు. తర్వాత సర్కారు లాయరును అడిగారు, ఆఖరిరోజు ఈయన్ని రాయమన్నది ఎవరు? ఆఫీసరే అని ఆయన ఒప్పుకున్నాడు. అంతకు ముందు సభలకు కూడా ఈయనే రాశాడా? అవునని మీ జవాబులోనే ఉంది గదా?

"ఈయన పనికిరాడని మీరే అంటారు. ఈయన రాసివ్వకపోతే, ఈయన్ని సాగనంపడానికి కూడా మీ ఆఫీసుకు నోరు పెగల్లేదు," అన్నారాయన.

హాలంతా నవ్వింది. సర్కారు లాయరు కూడా నవ్వాడు, పాపం. ఆ పెద్దాయన అక్కడితో ఆగలేదు. నిన్ను నువ్వే మెచ్చుకో అని పెన్ను చేతికిస్తే, ఈ మనిషి చాలా రోజులు ఆలస్యంగా వచ్చానని రాసుకున్నాడు, ఇది తప్ప ఈయన మీద మీ దగ్గర ఇంకేమైనా ఉందా అని అడిగారు. సర్వీసు పుస్తకమంతా తిరగేసినా ఆ ఆలస్యమే కనిపించింది. ఉత్తర్వు వచ్చింది. పనికిరాడని అనడానికి ఆధారం లేదు, పంపేయడం చెల్లదు, తిరిగి చేర్చుకోవాలి. పనికిరాడన్న మాటకే ఆధారం లేనప్పుడు మున్నూట పదకొండు దాకా పోవాల్సిన పని లేదని కూడా రాశారు. జెబకుమార్ ఎంతో కష్టపడి సిద్ధం చేసుకున్న వాదన చెప్పనే లేదు. అందుకు ఆ సాయంత్రం హోటల్లో ఇడ్లీ తింటూ కూడా బాధపడ్డాడు.

రెండువేల సంవత్సరంలో మామ మళ్ళీ ప్యాసింజరెక్కాడు. ఈ వార్త పల్లెకు చేరితే పెదనాన్నకు ఏమీ అర్థం కాలేదు. మా అల్లుడు లేకపోతే నడవడం లేదని సర్కారు వెనక్కి పిలిచింది అని ఊరంతా చెప్పుకున్నాడు. ఈసారి మాత్రం ఆయన తప్పు మాట్లాడలేదని నాకు అనిపించింది. మేళం తీసుకొస్తానంటే మాత్రం అత్త ఒట్టు పెట్టి ఆపింది.

తిరిగి చేరిన మొదటిరోజే మామ బల్ల మీద పని సిద్ధంగా ఉంది. ఆ నెలాఖరున పాలసామి రిటైరవుతున్నాడు. మామ లేని రెండేళ్ళలో ఒక్క సభ కూడా సరిగా జరగలేదట. ఒక సభలో రిటైరయ్యే ఆయన పేరే తప్పు చదివారట. పాలసామి మామ ముఖంలోకి చూడలేక అటూ ఇటూ తిరుగుతుంటే, మామే పోయి పలకరించి, సభ సంగతి నేను చూసుకుంటానని చెప్పాడు. దండ, శాలువా, కారాబూందీ, అన్నీ తెచ్చాడు. కొత్తగా వచ్చిన ఆఫీసరు చదవడానికి ప్రసంగమూ రాశాడు.

ఆ సభ గ్రూప్ ఫోటోకు ఫ్రేమ్ కట్టించడానికి ఒక ఆదివారం పొద్దున మా స్టూడియోకు వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పాడు. నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. నీ తిండి తీసిన మనిషి గదా మామా, అతనిలో నీకు దొరికిన నిజమైన మంచి గుణం ఏంటి, అసలేం రాసినావు అని నిలదీశాను.

"పేపర్లో ఉండేది చదివేసి ఊరుకునే మనిషి కాదు అని రాసినాను," అన్నాడు మామ. "నిజమే గదా."

"అంత నిజమైతే ఆ క్యాసెట్ కోర్టులో ఏల ఏయనీలేదు? ఓడిపోయుంటే?"

మామ ఫోటో పక్కన పెట్టాడు. ఆయన నవ్వకుండా మాట్లాడటం నేను చూసింది అప్పుడే.

"కోర్టులో ఏసుంటే ఆయప్పను నిలబెట్టి అడిగుందురు, ఈ మాట నిజంగా అన్నావా, సుమ్మా, ఊరికే మరియాదకు అన్నావా అని. తన ఉద్యోగం కాపాడుకునేదానికి, సుమ్మా అన్నాను అని ఆయప్ప చెప్పుండును. అప్పుడు నేను గెలిచినా, నేను పనికొస్తానని ఈ లోకంలో ఒగడు తనంతట తాను అన్న మాట నాకు లేకుండా పోయుండును."